కొత్త బేరం ఖరీదెంత?

మైకు కట్టిన ఆటో, పేపర్లో కరపత్రం, కేబుల్లో స్క్రోలింగ్, సెంటర్లో ఫ్లెక్సీ, చేతిలో ఫోను... చిన్న కొట్టు పేరు పదిమందికీ తెలియాలంటే దారులు బోలెడు. వాటిలో ఏది చవక? ఏది గిట్టుబాటు? గోదావరి జిల్లాల చిరు వ్యాపారికి ఆ లెక్క తేలితే సగం గెలిచినట్టే!

తెల్లవారుజాము. రావులపాలెం సెంటర్లో పేపర్ కట్టలు విప్పుతున్న కుర్రాళ్ల చేతులు చకచకా కదులుతుంటాయి. ఒక్కో పేపర్ మడతలో ఒక్కో రంగు కాగితం. కొత్తగా తెరిచిన బట్టల కొట్టు, ఆఫర్ పెట్టిన కళ్లజోళ్ల షాపు, అడ్మిషన్లు మొదలైన బడి... అన్నీ ఆ మడతలోనే. కాసేపటికి పేపరు గుమ్మంలో పడుతుంది. మడత విప్పగానే కాగితం జారి కింద పడుతుంది. ఇంటావిడ దాన్ని తీసి చదివితే కొట్టువాడికి పండగ. పిల్లాడు పడవ చేసి పంటకాలవలో వదిలితే... ఆ పడవ ఖరీదు కూడా కొట్టువాడి ఖాతాలోనే!

పెద్ద కంపెనీలకు ఇది సమస్య కాదు. వాటి ప్రకటనల బడ్జెట్ కోట్లలో ఉంటుంది. నెలకు ఐదారు వేలు ప్రచారానికి కేటాయించడానికే వెనకాముందాడే చిన్న కొట్టుకు మాత్రం ప్రతి రూపాయీ ప్రశ్నే. పెట్టిన డబ్బు తిరిగొస్తే సరుకు పెరుగుతుంది. రాకపోతే ఆ నెల అద్దె బాకీ పడుతుంది.

సెంటీమీటరు... సెకను... చదరపు అడుగు!

ప్రకటనల ధరలు పోల్చి చూడటం చిన్న వ్యాపారికి ఎందుకంత కష్టం? ఒక్కోచోట ఒక్కో తూకం కాబట్టి. పత్రికలో చిన్న ప్రకటనకు మాటల్ని బట్టి, బొమ్మతో వేసే పెద్ద ప్రకటనకు చదరపు సెంటీమీటర్లను బట్టి ధర ఉంటుంది. రేడియోలో, టీవీలో పది సెకన్ల లెక్క. కేబుల్ టీవీలో కింద పరుగులు తీసే అక్షరాలకు రోజుకింత, నెలకింత. సినిమా హాల్లో స్లయిడ్‌కు వారం లెక్క. ఫ్లెక్సీకీ గోడ రాతకీ చదరపు అడుగు. కరపత్రానికి వెయ్యి చొప్పున అచ్చు ఖర్చు, మళ్లీ వెయ్యి చొప్పున పేపర్లో పెట్టే ఖర్చు. మైకు ఆటోకి రోజు బాడుగ.

ఇక ఫోను తూకమే వేరు. గూగుల్ సంస్థ 2000 అక్టోబరులో యాడ్‌వర్డ్స్ పేరుతో ప్రకటనల పథకం మొదలుపెట్టినప్పుడు అందులో ఉన్నది 350 మంది ప్రకటనదారులే. నొక్కితేనే డబ్బు అన్న పద్ధతి అక్కడ 2002లో వచ్చింది. ప్రకటన చూసినవాడు దాని మీద వేలు పెడితేనే ఖర్చు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో అయితే ఎక్కువగా వెయ్యిసార్లు కనపడితే ఇంత అని లెక్క. రోజుకు వంద రూపాయలతోనైనా మొదలుపెట్టొచ్చు, నచ్చకపోతే సాయంత్రానికి ఆపేయొచ్చు. చిన్న కొట్టువాళ్లను ఆకట్టుకున్నది ఆ వెసులుబాటే.

అన్నిటినీ ఒకే త్రాసులో తూచాలంటే ఒకటే దారి. బిల్లు ఎంతయిందని కాదు, ఆ ప్రకటన చూసి కొట్టు గడప తొక్కిన ఒక్కో కొత్త బేరానికి ఎంత పడిందని అడగాలి.

లెక్క తిప్పి చూస్తే...

రావులపాలెంలో ఓ చిన్న మిఠాయి కొట్టు ఉందనుకోండి. వచ్చినవాళ్లు సగటున 400 రూపాయల సరుకు కొంటారు. ఖర్చులన్నీ పోను మిగిలేది 80. ఆ యజమాని అయిదు వేల కరపత్రాలు వేయించాడు. అచ్చు, పంపకం కలిపి ఒక్కోదానికి రూపాయి. మొత్తం 5,000. నూటికొకరు వచ్చినా యాభైమంది. అంటే ఒక్కో కొత్త బేరం ఖరీదు 100 రూపాయలు. మిగిలేది 80. చేతినుంచి 20 పోయినట్టే!

అదే యజమాని 12,000 పెట్టి పత్రికలో ప్రకటన ఇస్తే అరవైమంది వచ్చారనుకుందాం. ఒక్కొక్కరికి 200 పడింది. ఫోనులో 3,000 పెడితే నలభైమంది వచ్చారు. ఒక్కొక్కరికి 75. ఈ అంకెలన్నీ లెక్క బోధపడటానికి వేసుకున్నవే. ఊరిని బట్టి, సీజన్ని బట్టి, సరుకుని బట్టి మారిపోతాయి. లెక్క కట్టే తీరు మాత్రం మారదు.

అయితే పత్రిక ప్రకటన దండగేనా? తొందరపడకూడదు. పేపరు చూసి వచ్చిన కుటుంబం దసరాకి, సంక్రాంతికి, ఇంట్లో పెళ్లికి మళ్లీ మళ్లీ వస్తే ఏడాదిలో నాలుగుసార్లు 80 చొప్పున 320 మిగులుతుంది. 200 ఖర్చు పోయినా లాభమే. ఫోనులో ఆఫర్ చూసి వచ్చినవాడు మరో కొట్టు ఆఫర్ చూసి అటు పోతే, 75 పెట్టి 80 సంపాదించినట్టు. మొదటి బేరం ప్రకటన తెస్తుంది. రెండో బేరం తెచ్చేది సరుకే!

కనిపించని ఖర్చు మరొకటుంది. అదే డిస్కౌంటు. పది శాతం తగ్గింపు అంటే వినడానికి చిన్నదే. 400 సరుకు మీద అది 40 రూపాయలు. మిగిలే 80లో సరిగ్గా సగం! ప్రకటన చూడకుండా రోజూ వచ్చే పాత బేరాలకూ ఆ తగ్గింపు ఇవ్వాల్సిందే. చాలా కొట్లలో ప్రకటన బిల్లు కన్నా ఈ ఖర్చే ఎక్కువ. దాన్ని ఎవరూ పుస్తకంలో రాసుకోరు.

ఊరికి తగ్గ పేజీ

ఒకప్పుడు పత్రికలో ప్రకటనంటే చిన్న వ్యాపారికి అందని ద్రాక్షే. తణుకులో కొట్టు పెట్టినవాడు ఎక్కడెక్కడి పాఠకులకో కలిపి డబ్బు కట్టాల్సి వచ్చేది. అంత దూరం నుంచి తణుకు వచ్చి చీర కొనేదెవరు? 1989లో ‘ఈనాడు’ జిల్లా అనుబంధాలు మొదలుపెట్టడంతో ఆ పరిస్థితి మారింది. జిల్లా వార్తలకు విడిగా పేజీలు రావడంతో, ఆ జిల్లాకే పరిమితమయ్యే ప్రకటన తక్కువ ధరకు ఇచ్చే వీలు కలిగింది. భారతీయ భాషా పత్రికల మీద పరిశోధన చేసిన ఆచార్యుడు రాబిన్ జెఫ్రీ తన పుస్తకంలో ఈ ప్రయోగం గురించి ప్రస్తావించారు. తర్వాత మిగతా తెలుగు పత్రికలూ అదే బాట పట్టాయి.

అసలు కిటుకు అక్కడే ఉంది. కొట్టుకు రాగలిగినవాళ్లకే కనపడే ప్రకటన ఎప్పుడూ చవకే. రాలేనివాళ్లకు కనపడితే ఎంత తక్కువకు వచ్చినా ఖరీదే.

ఫోనులో ఇది మరీ తేలిక. కొట్టు చుట్టూ ఇన్ని కిలోమీటర్లని గీత గీస్తే ఆ లోపల ఉన్నవాళ్లకే ప్రకటన వెళ్తుంది. కానీ డెల్టాలో ఓ తిరకాసుంది. గాల్లో గీసిన గీతకు గోదావరి తెలియదు! నరసాపురంలో కొట్టు ఉంటే ఎదుటి ఒడ్డున సఖినేటిపల్లి రేవు కనపడుతూనే ఉంటుంది. రావాలంటే మాత్రం పంటు ఎక్కాలి, లేదా చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాలి. వరదొస్తే పంటూ ఆగుతుంది. గుండ్రంగా గీసిన గీతలో సగం డబ్బు ఏటి పాలయ్యేది ఇలాగే. అవతలి ఒడ్డు ఊళ్లను తీసేసే వీలు ఆ పథకాల్లోనే ఉంటుంది. చాలామంది దాని జోలికి పోరు.

వాట్సాప్ ఉచితమే కదా అంటారు. నిజమే. కానీ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో పెట్టిన సందేశం, కొట్టు నంబరును తమ ఫోనులో దాచుకున్నవాళ్లకే చేరుతుంది. ఒక్కో జాబితాలో 256 మందికే చోటు. అంటే అది పాత బేరాన్ని నిలుపుకోవడానికి పనికొస్తుంది తప్ప కొత్త బేరాన్ని తేదు.

పన్నుంది... చట్టముంది!

పత్రికలో ప్రకటన స్థలం మీద జీఎస్టీ 5 శాతం. రేడియో, టీవీ, హోర్డింగు, ఇంటర్నెట్ ప్రకటనల మీద 18 శాతం. పదివేల ప్రకటనకు ఒకచోట 500, మరోచోట 1,800 పన్ను. జీఎస్టీలో మామూలుగా నమోదైన వ్యాపారి ఆ పన్నును తన పన్నులో సర్దుకోవచ్చు. కాంపోజిషన్ పథకంలో ఉన్నవాళ్లకు, అసలు నమోదే లేని చిన్న కొట్లకు ఆ అవకాశం లేదు. వాళ్లకది అచ్చంగా ఖర్చే.

మైకుకూ నియమాలున్నాయి. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు-2000 ప్రకారం మైకు వాడాలంటే అధికారుల అనుమతి తీసుకోవాలి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బహిరంగంగా మోగించకూడదు. కనపడిన గోడల మీదల్లా రాసేయడం, పోస్టర్లు అంటించడం కుదరకుండా 1997లోనే రాష్ట్రంలో చట్టం వచ్చింది. ఇక ఫ్లెక్సీ విషయానికొస్తే, 2022 ఆగస్టు 26న విశాఖలో అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి ప్లాస్టిక్ ఫ్లెక్సీలపై నిషేధం ప్రకటించారు. మొదట నవంబరు 1 అన్న గడువు తర్వాత 2023 జనవరి 26కు మారింది. చవకగా దొరికే దారి ఏదైనా ఎల్లకాలం అలాగే ఉండదని అప్పుడు చాలామందికి తెలిసొచ్చింది.

డబ్బాలు, లడ్డూలు, పది రూపాయలు

ప్రకటనంటే స్థలం కొనడమే కాదని తెలుగువాళ్లకు ఎప్పుడో తెలుసు. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం పెట్టారు. సంగీత కచేరీల్లో దాన్ని ఉచితంగా పంచారు. రాసుకున్నవాళ్లు తర్వాత కొట్టుకెళ్లి అడిగి కొన్నారు. ఆయనే 1908లో ఆంధ్రపత్రిక స్థాపించారు. మిఠాయి కొట్టువాడు చేతిలో పెట్టే చిన్న ముక్కా అలాంటిదే. ముక్క ఖరీదు రెండు మూడు రూపాయలు. తిన్నది ఎదురుగా నిలబడ్డ మనిషి!

మండపేట దగ్గరి తాపేశ్వరం మడత కాజాకు పేరు. అక్కడి భక్తాంజనేయ సురుచి ఫుడ్స్ అధినేత పి.వి.వి.ఎస్. మల్లికార్జునరావు 2016 సెప్టెంబరు 6న 29,465 కిలోల లడ్డూ తయారుచేసి గిన్నిస్ రికార్డు సాధించారు. ఖైరతాబాద్ వినాయకుడికి వేల కిలోల లడ్డూలు అక్కణ్నుంచే వెళ్లాయి. అది దేవుడి మీద భక్తితో చేసిన పనే. కానీ ఆ లడ్డూ లారీ ఎక్కిన ప్రతిసారీ పత్రికలు, టీవీలు తాపేశ్వరం పేరు చెప్పాయి. ఉచితమని మాత్రం అనుకోకూడదు. అన్ని కిలోల పిండి, నెయ్యి, పంచదార ఎవరో కొనాల్సిందే! అందరూ పట్టగల దారి కాదది.

అందరికీ అందేది ఆత్రేయపురంలో ఉంది. సర్ ఆర్థర్ కాటన్ ఆత్రేయపురం పూతరేకుల తయారీదారుల సంక్షేమ సంఘం పూనికతో 2023లో పూతరేకులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపును తన డబ్బా మీద వాడుకోవాలంటే అక్కడి తయారీదారు అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. ఆ రుసుము గతంలో 500 రూపాయలు. 2020లో నిబంధనలు సవరించి దాన్ని పది రూపాయలకు తగ్గించారు. నమోదు పదేళ్లు చెల్లుతుంది. అంటే ఏడాదికి రూపాయి! కుండ మీద రేకు తీసే ఇల్లాలు ఇంటినుంచే అమ్మినా, ఇది అసలైన ఆత్రేయపురం సరుకని చెప్పుకొనే హక్కు ఆ రూపాయితో దక్కుతుంది. రుసుము తక్కువే కానీ కాగితాలు నింపడానికి ఓపిక కావాలి. అక్కడ సంఘం సాయపడాలి.

అడిగితే పోయేదేముంది?

ఇన్ని దారుల్లో ఏది మంచిదో పుస్తకాలు చెప్పవు, గల్లాపెట్టె దగ్గరి నోటు పుస్తకం చెబుతుంది. కరపత్రం మీద ఒక నంబరు, ఫోను ప్రకటనలో మరో నంబరు ఇస్తే ఏ ఫోను ఎన్నిసార్లు మోగిందో తెలిసిపోతుంది. ‘ఈ కాగితం తెస్తే కాజా ఉచితం’ అని రాస్తే వచ్చిన కాగితాలే లెక్క చెబుతాయి. ఒక నెలలో ఒక్క దారే పట్టి చూడాలి. అన్నీ ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తేలదు. వాడపల్లి వెంకన్న దర్శనానికి శనివారాలు జనం పోటెత్తుతారు. ఆ దారిలో కొట్టున్నవాడు మంగళవారం మైకు తిప్పితే ఫలితమేముంటుంది?

అన్నిటికన్నా తేలికైన పద్ధతికి పైసా ఖర్చు లేదు. కొత్త ముఖం కనపడగానే, సరుకు కడుతూ ఒక్క మాట అడగాలి... ‘మా కొట్టు గురించి మీకెలా తెలిసిందండీ?’

పేపర్లో చూశామంటే ఒక గీత. ఫోనులో చూశామంటే ఒక గీత. మైకులో విన్నామంటే మరో గీత. నెల తిరిగేసరికి ఏ గీతలు ఎక్కువున్నాయో చూసుకుంటే వచ్చే నెల డబ్బు ఎక్కడ పెట్టాలో అదే తేలుతుంది. ‘మా వదిన చెప్పిందండీ’ అన్న గీతలే ఎక్కువుంటే... ఆయ్, ఆ కొట్టువాడి సరుకే అతనికి ప్రకటన!