నేల వాటా నేలకు: మట్టిలోని ప్రాణుల గురించి అపోహలు – వాస్తవాలు

కొట్టంలో ఎద్దు మేత ముట్టకపోతే ఆ రాత్రి రైతుకు నిద్ర పట్టదు. అదే రైతు పొలంలో, చెంచాడు మట్టిలో ఉండే కోట్ల ప్రాణులు ఆకలితో మాడుతున్నా ఎవరికీ తెలియదు, కంటికి కనబడవు గనక. వాటి సంగతి తేల్చడం వ్యవసాయ విశ్వవిద్యాలయాల పని. మన దగ్గర ఆ చదువు కొత్తదేమీ కాదు. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో మొదలైంది. 1964లో రాజేంద్రనగర్‌లో విశ్వవిద్యాలయం ఏర్పడింది. రాష్ట్ర విభజన తర్వాత గుంటూరు దగ్గర లాంలో ఆచార్య ఎన్.జి.రంగా పేరుతో, రాజేంద్రనగర్‌లో ప్రొఫెసర్ జయశంకర్ పేరుతో రెండు విశ్వవిద్యాలయాలు నడుస్తున్నాయి. అయినా రచ్చబండ దగ్గర కొన్ని మాటలు మారలేదు.

అపోహ: మట్టిలో సూక్ష్మజీవులంటే రోగాలే.

వాస్తవం: రోగం తెచ్చేవి కొన్నే. తొలకరికి వచ్చే కమ్మని వాసన మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ లాంటి జీవులు తయారుచేసే జియోస్మిన్‌ది. ఆ జాతి జీవి నుంచే 1943లో అమెరికాలోని రట్గర్స్ వ్యవసాయ ప్రయోగ కేంద్రంలో, శాస్త్రవేత్త వాక్స్‌మన్ ప్రయోగశాలలో, క్షయకు పనిచేసిన తొలి యాంటీబయాటిక్ స్ట్రెప్టోమైసిన్ దొరికింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ మందుల సంస్థలో పరిశోధనలకు సారథ్యం వహించిన కాలంలో వెలువడిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కు మూలం మిస్సోరి విశ్వవిద్యాలయపు ప్రయోగ క్షేత్రంలోని మట్టి.

అపోహ: వేరుశనగ, మినుము వేర్లకు బుడిపెలుంటే తెగులు తగిలినట్టే.

వాస్తవం: అవి మొక్క తన వేరు మీద రైజోబియం బాక్టీరియాకు కట్టి ఇచ్చిన గదులు. గాలిలోని నత్రజనిని మొక్క తినగలిగే రూపంలోకి మార్చడం ఆ బాక్టీరియా పని. బుడిపెను గోటితో గీరితే సులువుగా ఊడి వస్తుంది. చిదిమినప్పుడు లోపల గులాబీ రంగు కనిపిస్తే పని సాగుతున్నట్టు. నులిపురుగుల వల్ల వచ్చే ఉబ్బు వేరులో భాగం, అది ఊడదు. చేను పీకే ముందు ఈ తేడా చూడండి.

అపోహ: జీవన ఎరువు ఏదైనా ఏ పంటకైనా పనికొస్తుంది.

వాస్తవం: జీవన ఎరువంటే ఇలాంటి మేలుచేసే జీవులున్న పొట్లం. రైజోబియం అయితే ఏ పంటకు తగినది ఆ పంటకే వాడాలి. సోయాకు ఇచ్చిన పొట్లం శనగకు పనికిరాదు. పొట్లంలో ఉన్నది ప్రాణం కాబట్టి గడువు తేదీ చూడాలి, ఎండ తగలనీయకూడదు. శిలీంధ్రనాశని, పురుగుమందు పట్టించాల్సి వస్తే అవి ముందు, జీవన ఎరువు ఆఖరున. విత్తనాన్ని నీడనే ఆరబెట్టి ఆలస్యం చేయకుండా విత్తాలి.

అపోహ: చౌడు ఏదైనా జిప్సం వేస్తే విరుగుతుంది.

వాస్తవం: ఈ ఒక్క మాట నమ్మి డబ్బు పోసేవాళ్లున్నారు. చౌడు ఒకటి కాదు. పాల చౌడులో లవణాలు తెల్లగా పైకి తేలుతాయి. దానికి గట్లు వేసి, మంచినీరు నిలగట్టి, లవణాలు కరిగాక మురుగుకాలువలోకి వదలాలి. కారు చౌడులో సోడియం మట్టి రేణువులను విడగొడుతుంది. నీరు ఇంకదు, ఉదజని సూచిక 8.5 దాటుతుంది. జిప్సం దీనికే, అదీ భూసార పరీక్ష చెప్పిన మోతాదులో. అందులోని కాల్షియం సోడియాన్ని నెట్టేస్తుంది, నిలగట్టిన నీరు దాన్ని కడిగేస్తుంది. బాపట్లలో చౌడు నేలల మీద, ఉప్పునీటి వాడకం మీద ప్రత్యేకంగా పరిశోధన సాగుతోంది. సోడియం పోయినంత మాత్రాన నేల బాగుపడిందనుకోకండి. జీలుగ చల్లి పూతకొచ్చే వేళ కలియదున్నితే అది కుళ్లుతూ ఆమ్లాలనిస్తుంది, ప్రాణులకు మేత అవుతుంది. అప్పటికి గానీ నేల మళ్లీ గుల్లబారదు.

అపోహ: గడ్డి కాలిస్తే నేల శుభ్రపడుతుంది, బూడిద బలం.

వాస్తవం: టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 25 కిలోల పొటాష్ ఉంటాయి. మంటలో నత్రజని దాదాపు అంతా గాలిలో కలుస్తుంది. కర్బనం, అంటే సూక్ష్మజీవుల కూడు, పొగైపోతుంది. బూడిదలో మిగిలేవి ఖనిజాలే, వాటితో సూక్ష్మజీవుల కడుపు నిండదు.

అపోహ: రసాయన ఎరువులు ఒక్కసారిగా మానేస్తే నేల బతుకుతుంది.

వాస్తవం: మోతాదు మించిన ఎరువు చేటే. కానీ మేత వేయకుండా మందు మానేసినంత మాత్రాన ప్రాణులు తిరిగి రావు. నేలలో సేంద్రియ కర్బనం 0.5 శాతం కన్నా తగ్గితే తక్కువ కింద లెక్క. అందుకే పశువుల ఎరువు, పచ్చిరొట్ట, జీవన ఎరువులు పెంచుతూ, పరీక్ష ఫలితాన్ని బట్టి రసాయనాలు తగ్గించుకోమని శాస్త్రవేత్తల సలహా. ఏళ్ల తరబడి డీఏపీ ఎరువు వేసిన మడుల్లో భాస్వరం మట్టిలోనే బిగుసుకుపోయి ఉంటుంది. దాన్ని కరిగించి వేరుకు అందించే బాక్టీరియా పొట్లాల్లో దొరుకుతోంది.

ఈ వేసవిలో పొలంలో పలుచోట్ల మట్టి తీసి పరీక్షకు పంపండి. కోతయ్యాక అగ్గిపెట్టె తీయకండి. ధాన్యం మనది, రాలిన గింజలు పిట్టలవి, గడ్డిలో కొంత పశువులది. మిగిలిన మోడు నేల వాటా. ఆ వాటా దానికి వదిలేద్దాం.