విశ్వాస అంతరం, పరీక్షా సామర్థ్యం: సాఫ్ట్‌వేర్ సాధనాలను ఏ దశలో వాడాలి?

పరిమాణాత్మక పరిశోధనల సిద్ధాంత గ్రంథాలను పరిశీలించేవారికి ఒక వాక్యం తరచు ఎదురవుతుంది: ‘పి-విలువ 0.05 కంటే అధికంగా ఉన్నందున రెండు పద్ధతుల మధ్య భేదం లేదని నిర్ధారణ అయినది.’ ఇందులో తొలి సగం గణన ఫలితం. మలి సగం ఆ గణన చెప్పని మాట.

ఒక ఊహాత్మక ఉదాహరణను తీసుకుందాం. రెండు బోధనా పద్ధతులను 20 మంది చొప్పున విద్యార్థులపై పరీక్షించగా సగటు మార్కులలో 4 మార్కుల తేడా కనిపించింది. ప్రామాణిక విచలనం రెండు సమూహాలలోనూ 10. టి-పరీక్షలో పి-విలువ సుమారు 0.21 వస్తుంది. శూన్య పరికల్పనను తిరస్కరించలేము. అయితే ఆ తేడాకు 95 శాతం విశ్వాస అంతరం, అనగా కాన్ఫిడెన్స్ ఇంటర్వల్, సుమారు −2.4 నుండి 10.4 వరకు ఉంటుంది. కొత్త పద్ధతి కొద్దిగా నష్టం చేసే అవకాశమూ, పది మార్కుల మేలు చేసే అవకాశమూ ఈ దత్తాంశంతో సమంజసమే. ‘భేదం లేదు’ అనడానికి ఆధారం ఎక్కడ? ఎస్‌పీఎస్‌ఎస్‌లో టి-పరీక్ష ఫలితాల పట్టికలోనే ఈ అంతరం ముద్రితమై ఉంటుంది; పరిశోధకుడు పి-విలువ గడి దగ్గరే ఆగిపోతాడు.

ఈ దశలో పరీక్షకుడు ‘పవర్ ఎంత?’ అని అడిగితే, వచ్చిన తేడానే తిరిగి సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చి సామర్థ్యాన్ని గణించడం పరిపాటి అయింది. పై ఉదాహరణలో అది సుమారు 23 శాతం. ఈ సంఖ్య కొత్త సమాచారమేమీ ఇవ్వదు. పరిశీలిత సామర్థ్యం పి-విలువకు మరో రూపం మాత్రమేనని హోనిగ్, హైసీ 2001లో ‘ది అమెరికన్ స్టాటిస్టీషియన్’ పత్రికలో స్పష్టంగా నిరూపించారు. పి-విలువ సరిగ్గా 0.05 అయినప్పుడు ఇది దాదాపు 50 శాతం దగ్గర ఉంటుంది. ఎస్‌పీఎస్‌ఎస్‌లో ‘అబ్జర్వ్‌డ్ పవర్’ అనే ఐచ్ఛికం ఉన్నంత మాత్రాన దానిని ఎంచుకోవాలని లేదు.

సామర్థ్య గణనకు తగిన స్థానం దత్తాంశ సేకరణకు ముందు. జర్మనీలోని డ్యూసెల్‌డోర్ఫ్ విశ్వవిద్యాలయంలో రూపొందిన జీ-పవర్ ఉచితంగా లభిస్తుంది. అందులో ‘ఎ ప్రయారి’ విధానాన్ని ఎంచుకొని ప్రభావ పరిమాణం 0.4, సార్థకతా స్థాయి 0.05, సామర్థ్యం 0.80 అని ఇస్తే, ద్విపార్శ్వ పరీక్షకు సమూహానికి 100 మంది కావాలని చెబుతుంది. మన ఉదాహరణలోని 20 మంది ఎంత తక్కువో ఇక్కడ తెలుస్తుంది. ఒక జాగ్రత్త: ఈ సాధనం తెరవగానే ఏకపార్శ్వ పరీక్షే ఎంపికై ఉంటుంది. దానిని మార్చకపోతే సంఖ్య సుమారు 78కి తగ్గుతుంది. ఆర్ భాషలోని పవర్.టి.టెస్ట్ ప్రమేయం మాత్రం ద్విపార్శ్వ పరీక్షతోనే మొదలవుతుంది. ఒకే ప్రశ్నకు రెండు సాధనాలు వేర్వేరు జవాబులిస్తే, తొలుత చూడవలసినది ఇదే.

కష్టమైన భాగం మీట నొక్కడం కాదు, 0.4 అనే ప్రభావ పరిమాణం ఎక్కడినుండి వచ్చిందో చెప్పగలగడం. కోహెన్ సూచించిన 0.2, 0.5, 0.8 అనే కొలమానాలను శాసనాలుగా స్వీకరించడం సులువు. అయితే ఎన్ని మార్కుల తేడా వస్తే బోధనా పద్ధతిని మార్చడం సమంజసమన్నది సాఫ్ట్‌వేర్ చెప్పలేదు. అది తరగతి గది తెలిసిన అధ్యాపకుడు నిర్ణయించవలసినది.

అనుపాతాల విషయంలో పద్ధతి పేరు కూడా ముఖ్యమే. 20 మందిలో ఒక్కరిలోనూ లక్షణం కనిపించలేదనుకుందాం. పాఠ్యపుస్తకాలలోని సాధారణ సూత్రం, అనగా వాల్డ్ పద్ధతి, 0 నుండి 0 వరకు అనే అంతరాన్నిస్తుంది. అంటే పూర్తి నిశ్చయత! విల్సన్ పద్ధతిలో ఎగువ హద్దు 16.1 శాతం, క్లాపర్-పియర్సన్ పద్ధతిలో 16.8 శాతం. ఆర్‌లోని బైనామ్.టెస్ట్ ఇచ్చేది ఈ చివరిదే. కనుక గ్రంథంలో అంతరంతోపాటు పద్ధతి పేరు, సాధనం, దాని వెర్షన్ సంఖ్య పేర్కొంటేనే మరొకరు ఆ గణనను తిరిగి చేసి చూడగలరు.