దోసె మీద ఆ రూపాయి ఎక్కడిది?

వీధి చివర టిఫిన్ సెంటర్లో దోసె 50 రూపాయలు. సంక్రాంతికి రేటు 10 శాతం పెంచారు, ఉగాదికి ఇంకో 20 శాతం. (చట్నీ మాత్రం పెరగలేదు!) మొత్తం 30 శాతమేగా, 65 ఇస్తే చాలనుకుని వెళ్తే 66 అడిగారు. ఎందుకలా?

మొదటి పెంపుతో దోసె 55 అయింది. రెండో పెంపు పాత 50 మీద కాదు, ఈ 55 మీద పడింది. 50కి 20 శాతం అంటే 10 రూపాయలు. కొత్తగా చేరిన 5కీ 20 శాతం, అంటే ఒక రూపాయి! పంక్తిలో ఆలస్యంగా వచ్చి కూర్చున్న చుట్టానికీ వడ్డించాలి కదా, అలాగన్నమాట. 50 మీద 16 పెరిగితే అది 32 శాతం.

దగ్గరి దారి కావాలా? 1.10ని 1.20తో గుణించండి, 1.32 వస్తుంది. ముందు 20, తర్వాత 10 పెంచినా అంతే. అసలు తమాషా వేరే ఉంది: 50 రూపాయల దోసెను 10 శాతం పెంచి, వెంటనే 10 శాతం తగ్గించి చూడండి. 49.50 దగ్గర ఆగుతుంది.