నీటికీ వేళ్ళుంటాయి!

ముడిచమురు భూగర్భంలో చెరువులా నిలిచి ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఇసుకరాయి వంటి శిలల సన్నని రంధ్రాలలో, తడిసిన ఇటుకలో నీరున్నట్లు, ఇమిడి ఉంటుంది. సహజ పీడనం ఉన్నంతకాలం కొంత చమురు బావిలోకి దానంతటదే వస్తుంది. పీడనం తగ్గాక, మరొక బావి గుండా నీటిని పంపి చమురును నెడతారు. నీరు గోడలా కదిలితే చమురు చాలావరకు ముందుకు వస్తుంది. కాని చమురు బాగా చిక్కనిదైతే నీరు అలా కదలదు. ఎందుకో చూద్దాం.

రెండు చదునైన ప్లాస్టిక్ పలకలు తీసుకోండి. ఒకదానిపై చిక్కని జిగురు రెండు చుక్కలు వేసి, రెండవదానితో గట్టిగా అదమండి. ఇప్పుడు పై పలకను నిటారుగా పైకి లాగండి. జిగురులో చెట్టుకొమ్మల వంటి బొమ్మ ఏర్పడింది కదూ! జిగురులోకి చొరబడిన గాలి వేసిన దారులే దానికి కారణం.

ద్రవానికైనా, వాయువుకైనా ఉండే చిక్కదనాన్ని స్నిగ్ధత అంటారు. పలుచనిది చిక్కనిదాన్ని నెట్టేటప్పుడు సరిహద్దులో ఎక్కడో ఒక చిన్న ఉబ్బు ఏర్పడుతుంది. దాని ముందు మిగిలిన చిక్కని ద్రవం పక్కలకంటె తక్కువ. అంటే అడ్డూ తక్కువే. అందుచేత అది వేగంగా సాగుతుంది. సాగినకొద్దీ అడ్డు ఇంకా తగ్గుతుంది. చివరకు ఉబ్బు వేలవుతుంది! చిక్కనిది పలుచనిదాన్ని నెడితే ఇందుకు విరుద్ధం. ఉబ్బు వెనుక చిక్కని ద్రవం ఎక్కువ కనుక అది వెనుకబడి, సరిహద్దు మళ్ళీ చదునవుతుంది.

ఈ వేళ్ళు చక్కెర శుద్ధిలోనూ చిక్కు తెచ్చాయి. ఎముకల బొగ్గు నింపిన స్తంభాలలో మిగిలిన పాకాన్ని పైనుంచి నీరు పంపి కిందికి నెట్టేవారు. పాకం నీటికంటె బరువైనది కనుక, నీరు నెమ్మదిగా దిగితే గురుత్వాకర్షణే వేళ్ళను అణచివేస్తుందనీ, వేగం ఒక హద్దు దాటితే వేళ్ళు తప్పవనీ 1952లో ఎస్. హిల్ చూపాడు. 1958లో శాఫ్‌మన్, జెఫ్రీ టేలర్ అనే శాస్త్రజ్ఞులు దగ్గరదగ్గరగా పెట్టిన రెండు పలకల మధ్య ఇదే విషయాన్ని పరీక్షించి, గణితంతో వివరించారు.

చమురు క్షేత్రంలో నీటి వేలు అవతలి బావిని తాకిందంటే ఇక నీరే ఎక్కువగా పైకి వస్తుంది. వేళ్ళ మధ్య చమురు రాతిలోనే ఉండిపోతుంది. మరి ఉపాయం? నీటినే చిక్కబరచడం! నీటిలో కొద్దిగా పాలిమర్ కలిపితే దాని స్నిగ్ధత పెరిగి, వేళ్ళు తగ్గుతాయి. చైనాలోని డాచింగ్‌లోనూ, మన రాజస్థాన్‌లోని మంగళ క్షేత్రంలోనూ ఇలాగే చేశారు.

ఇప్పుడు మీకొక పని. జిగురుకు బదులు నీటిచుక్క వేసి అదే ప్రయోగం చేయండి. కొమ్మలు అంత చక్కగా వచ్చాయా? రాకపోతే కారణమేమిటో ఆలోచించి చెప్పండి. నీటికి తలతన్యత కూడా ఉందని మరచిపోకండి!