హృద్రోగులైన వృద్ధులకు యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు మందులకు ప్రత్యామ్నాయం కావు

హైదరాబాదు: అమీర్‌పేట మైత్రీవనం, పంజగుట్ట ప్రాంతాలతో సహా నగరంలోని మందుల దుకాణాలలో విటమిన్ ఇ, సి, బీటా కెరోటిన్ మాత్రలు వైద్యుని చీటీ లేకుండానే లభిస్తున్నాయి. చెడు కొలెస్టరాల్ ఆక్సీకరణం చెంది రక్తనాళాల గోడలలో పేరుకొనుటను ఇవి అరికట్టగలవని ఒకప్పుడు ఆశించడం జరిగింది. పెద్ద పరీక్షలలో ఆ ఆశ ఫలించలేదు.

55 సంవత్సరాలు, ఆపై వయసు గల 9,541 మందిపై జరిపిన ‘హోప్’ అధ్యయనంలో, రోజుకు 400 యూనిట్ల విటమిన్ ఇ వల్ల గుండెపోటు గాని, పక్షవాతం గాని తగ్గలేదని 2000లో వెల్లడైంది. దాని కొనసాగింపులో, విటమిన్ ఇ వాడినవారిలో గుండె వైఫల్యం అధికంగా కనిపించినట్లు 2005లో తేలింది. బ్రిటన్‌లో 20,536 మందిపై జరిగి 2002లో ఫలితాలు వెలువడిన పరీక్షలోనూ పై మూడు విటమిన్ల వల్ల ప్రయోజనం కానరాలేదు. అదే పరీక్షలో సింవాస్టాటిన్ వాడినవారిలో గుండెపోట్లు, మరణాలు తగ్గడం గమనార్హం.

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారికి అధిక మోతాదు విటమిన్ ఇ వల్ల రక్తస్రావ ప్రమాదం పెరగవచ్చు. కావున పంజగుట్టలోని నిమ్స్‌లో గాని, మరే ఆసుపత్రిలో గాని చికిత్స పొందుతున్న వృద్ధులు తాము వాడే ప్రతి మాత్రను వైద్యునికి తెలియజేయవలెను. వైద్యుడు రాసిన మందులను స్వయంగా మానరాదు. ఉసిరి, జామ వంటి పండ్లు, కూరగాయలు భోజనంలో భాగంగా తీసుకొనుట మేలు.