ఊరూ ఆకాశమూ సరితూగే ఎనిమిది నిమిషాలు

కొత్తగా కెమెరా పట్టినవాళ్లు తెల్లవారుజామున తీసే నగరచిత్రాలు ఎక్కువగా రెండు రకాలుగా చెడుతుంటాయి. ఆకాశం బాగా వస్తే మేడలన్నీ నల్లటి దిమ్మల్లా మిగులుతాయి. మేడలు కనబడితే ఆకాశం తెల్లగా పాలిపోతుంది. ఖరీదైన కెమెరా కొంటే ఈ బాధ తీరుతుందనుకుంటారు. చాలావరకు ఇది వేళ తప్పడం వల్ల వచ్చే చిక్కు. దాని వెనక ఉన్న లెక్క తెలిస్తే మామూలు కెమెరాతోనూ దాన్ని దాటొచ్చు.

విశాఖపట్నం సంగతే తీసుకుందాం. సూర్యుడు క్షితిజానికి 6 డిగ్రీల కింద ఉన్నప్పుడు, మబ్బులేని ఆకాశం నుంచి నేలమీద పడే వెలుతురు సుమారు 3 లక్స్. సూర్యబింబం అంచు పైకి వచ్చేసరికి అది 400 లక్స్ దాకా పెరుగుతుంది. నూరు రెట్లకు పైగా పెరిగే ఈ మార్పంతా విశాఖలో 22 నుంచి 24 నిమిషాల్లో జరిగిపోతుంది. వెలుతురు రెట్టింపు కావడాన్ని ఫొటోగ్రాఫర్లు ఒక 'స్టాప్' అంటారు. ఆ లెక్కన దాదాపు ఏడు స్టాపులు, అంటే మూడు నిమిషాలకొకటి. వీధిదీపాలు, కిటికీల వెలుగు మాత్రం మారవు. పెరుగుతున్న ఆకాశం వెలుగు, మారని ఊరి వెలుగు ఎక్కడో ఒకచోట సరితూగాలి కదా! సుమారుగా సూర్యుడు 6 డిగ్రీల లోతు నుంచి 4 డిగ్రీల లోతుకు వచ్చే వ్యవధి అది. దీన్నే బ్లూ అవర్ అంటారు.

విశాఖలో ఈ వ్యవధి ఎనిమిది, తొమ్మిది నిమిషాలే. జూన్‌లో లండన్‌లోనైతే దాదాపు 20 నిమిషాలు ఉంటుంది. విశాఖ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ఇక్కడ సూర్యుడు దాదాపు నిటారుగా పైకి లేస్తాడు. లండన్‌లో ఏటవాలుగా, నింపాదిగా వస్తాడు. యూరప్ ఫొటోగ్రాఫర్లు రాసిన సమయాలు మనకు పనికిరాకపోవడానికి కారణం ఇదే. మన ఊళ్లలో సూర్యోదయానికి 40 నిమిషాల ముందే ట్రైపాడ్ బిగించి, ఫ్రేమ్ ఖాయం చేసుకుని సిద్ధంగా ఉండాలి.

ఆ వేళ ఆకాశానికి వచ్చే గాఢమైన నీలం పగటి నీలం లాంటిది కాదు. పగటిపూట గాలి అణువులు ఎరుపు కన్నా నీలాన్ని నాలుగు రెట్లకు మించి వెదజల్లడం వల్ల ఆకాశం నీలంగా ఉంటుంది. సంధ్యవేళ కిరణాలు ఓజోన్ పొరలో చాలాదూరం ప్రయాణిస్తాయి. దారిలో పసుపు, నారింజ రంగులను ఓజోన్ పీల్చుకోగా నీలం మిగులుతుంది. అమెరికన్ భౌతికశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హల్బర్ట్ 1953లో ఈ సంగతి వివరించారు.

ఇక చేతిపని. ఐఎస్‌ఓ 100, ఎపర్చర్ ఎఫ్/8 పెట్టి, షటర్ 4 సెకన్ల దగ్గర మొదలుపెట్టండి. హిస్టోగ్రామ్ చూసి సరిచేసుకోండి. ఆ తర్వాత మూడు నిమిషాలకోసారి షటర్ సమయాన్ని సగానికి తగ్గిస్తూ వెళ్లాలి. ఎఫ్/16 దాటితే వివర్తనం (సన్నని రంధ్రం అంచుల దగ్గర వెలుగు వంగడం) వల్ల చిత్రం మొత్తం కాస్త మెత్తబడుతుంది. దీపాల చుట్టూ నక్షత్రంలా కిరణాలు రావడానికి కారణమూ ఆ వివర్తనమే. ఎపర్చర్ రేకులు సరిసంఖ్యలో ఉంటే అన్నే కిరణాలు, బేసిసంఖ్యలో ఉంటే రెట్టింపు కిరణాలు వస్తాయి. సూర్యుడు వచ్చాక వెలుగునీడల తేడా మరీ పెరిగితే, రెండేసి స్టాపుల తేడాతో మూడు ఫొటోలు తీసి తర్వాత కలపొచ్చు.

వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే కెమెరా ఉదయపు ఎరుపును లోపమనుకుని తుడిచేయవచ్చు. అందుకే 'డేలైట్' మీద ఉంచడం మేలు. మరో సంగతి: పాత సోడియం దీపాల నారింజరంగు నీలాకాశానికి గొప్ప జోడీగా ఉండేది. 2014 అక్టోబరు నాటి హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖ వీధిదీపాలు ఎల్ఈడీలకు మారాయి. పాత ఫొటోల్లోని రంగులు ఇప్పుడు రాకపోతే తప్పు మీది కాదు.

వేళ తర్వాత దిక్కు. విశాఖలో జూన్‌లో సూర్యుడు తూర్పుకు దాదాపు 25 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబరులో అంతే దక్షిణంగా ఉదయిస్తాడు. మొత్తం 50 డిగ్రీల ఊగిసలాట. తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. కైలాసగిరి మీద నిలబడి నగరం వైపు, అంటే నైరుతికి చూస్తే జూన్‌లో సూర్యుడు దాదాపు వెనక ఉంటాడు. మేడల మీద వెలుగు తిన్నగా పడి అన్నీ చదునుగా కనిపిస్తాయి. డిసెంబరులో ఎండ ఎడమపక్క నుంచి, సముద్రం మీదుగా పడుతుంది. ప్రతి మేడకూ ఒక వెలుగు ముఖం, ఒక నీడ ముఖం ఏర్పడి చిత్రానికి లోతు వస్తుంది. ఒకే చోట ఆరు నెలల తేడాతో తీస్తే రెండు వేర్వేరు నగరాలనిపిస్తాయి. సూర్యోదయ సమయమూ మారుతుంది. జూన్ మొదట్లో 5.20 ప్రాంతం, జనవరి మూడో వారంలో 6.30 ప్రాంతం.

రంగుల విషయానికొస్తే, గాలిలో దుమ్ము, తేమ బిందువులు ఎక్కువైతే అవి అన్ని రంగులనూ ఇంచుమించు ఒకేలా వెదజల్లి ఆకాశాన్ని తెల్లబరుస్తాయి. వాన వెలిసిన మర్నాటి ఉదయం అందుకే తేటగా ఉంటుంది. పింజల్లాంటి ఎత్తైన మేఘాలుంటే మరీ మంచిది. నేలకన్నా ముందే వాటికి ఎండ తగులుతుంది. కింది మబ్బులు క్షితిజాన్ని మూసేస్తే మాత్రం రంగుల మీద ఆశ వదులుకోవచ్చు.

సూర్యబింబం పెద్దదిగా రావాలంటే పొడుగు లెన్సు కావాలి. సెన్సార్ మీద బింబం వ్యాసం ఫోకల్ లెంత్‌లో సుమారు 109వ వంతు. 24 మిల్లీమీటర్ల లెన్సుతో అది పావు మిల్లీమీటరు కూడా ఉండదు. 200తో దాదాపు 2 మిల్లీమీటర్లు వస్తుంది. అలాంటి లెన్సుతో సూర్యుణ్ని ఆప్టికల్ వ్యూఫైండర్‌లోంచి చూడొద్దు, కంటికి ప్రమాదం. తెర మీదే చూడండి.

అన్నిటికన్నా మేలైన సాధన ఒక్కటే. మీ ఊళ్లో ఒక చోటు ఎంచుకుని ఏడాది పొడవునా నెలకోసారి అక్కడికే వెళ్లండి. ప్రతి ఫొటోకూ తేదీ, సమయం, షటర్ ఒక పుస్తకంలో రాసుకోండి. కొత్త లెన్సు కొనే ముందు ఆ పుస్తకం నింపండి.