కుయ్‌య్‌... మంటే కోపమెందుకు?

పెళ్లిపందిట్లో పెద్దాయన మైకు అందుకుంటాడు. ‘అందరికీ నమస్కారం’ అని పూర్తిచేసేలోపే ‘కుయ్‌య్‌...!’ చంటిపిల్లలు గుక్కపెడతారు. ముందు వరసలోవాళ్లు చెవులు మూసుకుంటారు. ‘మైకబ్బాయ్‌, కాస్త తగ్గించవయ్యా!’ అంటూ నలువైపులా కేకలు. పందిరంతా తిట్టుకునే ఆ కూతనే పనిగట్టుకుని పుట్టించి, దాంతో ఆడుకునేవాళ్లూ ఉన్నారు. ఓ చిన్న ఐసీ, ఓ మైకు, రెండు తీగచుట్టలు... అంతే వాళ్ల సరంజామా.

పాత కృష్ణాజిల్లా మెట్టప్రాంతంలో (2022 నుంచి ఇది ఎన్టీఆర్‌ జిల్లా) మైకుసెట్టు లేని పండగ ఉండదు. మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లయినా, జగ్గయ్యపేట బజార్లో వినాయకచవితి పందిరైనా, నందిగామ పక్క పల్లెలో పద్యనాటకమైనా పోగులకొద్దీ వైర్లతో ముందుగా దిగేది మైకు కుర్రాడే. సర్క్యూట్ల సరదా చాలామందికి అంటుకునేది కూడా అలాంటి సెట్లు అద్దెకిచ్చే షాపుల్లోనే. మూత తీసిన ఆంప్లిఫయరు, సోల్డరింగు పొగ, మూలన కాలిపోయిన హారన్‌ యూనిట్లు. కాలేజీలో చెప్పని పాఠం అక్కడ దొరుకుతుంది.

ఇంతకీ మైకు ఎందుకు కూస్తుంది? స్పీకరులోంచి వచ్చిన శబ్దంలో కొంత తిరిగి మైకులో పడుతుంది. ఆంప్లిఫయరు దాన్ని పెంచి మళ్లీ స్పీకరుకిస్తుంది. అది మళ్లీ మైకులోకి... సెకనుకు వందలసార్లు ఇదే తిరుగుడు. ఒక్కో చుట్టులో పోయినదానికన్నా పెరిగింది ఎక్కువైతే, ఏదో ఒక శ్రుతి దగ్గర అల పక్కన అల సరిగ్గా కలిసి కూతగా మారుతుంది. డెన్మార్క్‌ శాస్త్రవేత్త సోరెన్‌ అబ్సలోన్‌ లార్సెన్‌ (1871-1957) పేరుమీద దీన్ని ‘లార్సెన్‌ ఎఫెక్ట్‌’ అంటారు. మనవాళ్లకు మాత్రం ‘ఫీడ్‌బ్యాకే’.

దీని అసలు పరీక్ష పద్యనాటకంలో ఉంటుంది. కృష్ణుడు రాగం ఎత్తుకుని సాగదీస్తూ మైకు నుంచి రెండడుగులు వెనక్కి జరుగుతాడు. గొంతు చివరి వరసకు చేరాలంటే సౌండు పెంచాలి, పెంచితే కూస్తుంది. నోటికీ మైకుకూ మధ్య దూరం రెట్టింపైతే మైకులో పడే గొంతు బలం సుమారు నాలుగోవంతుకు పడిపోతుంది మరి! పైగా వేదికమీద నాలుగైదు మైకులు తెరిచి ఉంచితే కూత ఇంకా తొందరగా మొదలవుతుంది. అందుకే అనుభవమున్న ఆపరేటరు స్పీకర్లను మైకులకన్నా ముందుకు పెట్టి, పద్యం ఎవరిదో చూసుకుని మిగతా మైకులు తగ్గిస్తాడు. ‘వన్స్‌మోర్‌’ మాత్రం కృష్ణుడికే పడుతుంది!

అన్నట్టు, కూత వినగానే చాలామంది చేసే పని- మైకు తలను గుప్పిట్లో పట్టేసుకోవడం. అది ఇంకా ప్రమాదం. చేతిలో పట్టుకునే మైకులు ఎక్కువగా ముందునుంచి వచ్చే మాటనే వినేలా తయారవుతాయి. వెనక శబ్దాన్ని వదిలేసేందుకు జాలీ కింద సన్నటి దారులుంటాయి. అవి మూసుకుపోతే మైకు అన్నివైపులా వినడం మొదలుపెట్టి మరింత గట్టిగా అరుస్తుంది. జాలీ వదిలేసి కాడ పట్టుకుంటే సగం గొడవ తీరుతుంది.

ఇక బల్లమీది ఆటకొద్దాం. అభిరుచిగలవాళ్లకు ఇష్టమైన చిప్పు ఎనిమిది కాళ్ల ఎల్‌ఎం 386. తొమ్మిది వోల్టుల బ్యాటరీ చాలు. మామూలుగా సిగ్నల్‌ను 20 రెట్లు పెంచుతుంది. ఒకటో కాలికీ ఎనిమిదో కాలికీ మధ్య 10 మైక్రోఫారడ్‌ కెపాసిటరు పెడితే 200 రెట్లు. దీనికి చిన్న ఎలెక్ట్రెట్‌ మైకు, ఎనిమిది ఓమ్‌ల స్పీకరు కలిపి ఒకదాని ముందు ఒకటి పెడితే కూత సిద్ధం. దూరం జరిపితే శ్రుతి గెంతులేస్తుంది. మధ్యలో ప్లాస్టిక్‌ పైపుముక్క పెడితే దాని పొడవును బట్టి మారుతుంది. ఇదంతా బ్యాటరీతోనే సుమా! 230 వోల్టుల కరెంటు జోలికీ, చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని కూత వినే సాహసానికీ పోకూడదు.

మైకు తీసేసి, సన్నటి ఎనామిల్‌ తీగను వందల చుట్లు చుట్టిన కాయిలు పెడితే ఆట మారిపోతుంది. గాలిలో శబ్దం కాదు, అయస్కాంత క్షేత్రం వినబడుతుంది. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర గుయ్యిమంటుంది, సెల్‌ఫోన్‌ ఛార్జరు దగ్గర సన్నగా కీచుమంటుంది. స్పీకరుతో వరసలో రెండో కాయిల్‌ కలిపి మొదటిదాని దగ్గరకు తెస్తే- మైకు లేకుండానే కూత! ఇక్కడో తమాషా. ఒక కాయిల్‌ను తిరగేస్తే చాలాసార్లు కూత ఠక్కున ఆగిపోతుంది. తిరిగొచ్చే అల కలవాల్సింది పోయి ఎదురుపడుతుంది కాబట్టి. పుస్తకంలో ‘ఫేజ్‌’ అని చదివి మర్చిపోయిన మాట ఆ క్షణంలో బుర్రకెక్కుతుంది.

రెండు కాయిళ్లకూ మధ్య ఉక్కుతీగ ఉంటే? ఒక కాయిల్‌ తీగ కదలికను వింటుంది, రెండోది దాన్ని లాగుతూ ఉంటుంది. మీటకుండానే తీగ మోగుతూనే ఉంటుంది. గిటారువాళ్లు చేత్తో పట్టుకుని వాడే ‘ఈబో’ రహస్యం ఇదే. అది 1976లో బజారుకొచ్చింది. తీగ కింద వినే కాయిల్‌ మనకు కొత్త కాదు. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్‌ శ్రీనివాస్‌ ఆ కాయిలున్న ఎలక్ట్రిక్‌ మాండలిన్‌ మీదే కర్ణాటక సంగీతం పలికించారు. మామూలు మాండలిన్‌ మీద నాదం టక్కున తెగిపోతుంది, గమకానికి చాలదు.

రేడియో కూడా ఈ కూతకు కొంత రుణపడింది. 1912లో అమెరికాలో ఎడ్విన్‌ ఆర్మ్‌స్ట్రాంగ్‌ అనే విద్యార్థి వాల్వులోంచి వచ్చిన సిగ్నల్‌ను కాయిల్‌ ద్వారా మళ్లీ లోపలికి పంపాడు. వినీవినపడని స్టేషన్లు గట్టిగా పలికాయి. కాస్త ఎక్కువ తిప్పితే మాత్రం ఆ సెట్టే కూసి పక్కింటి రేడియోనీ పాడుచేసేది. ఆ ఆవిష్కరణ తనదేనంటూ లీ డి ఫారెస్ట్‌తో ఏళ్లతరబడి కోర్టుల్లో పోరాడి, 1934లో అమెరికా సుప్రీంకోర్టులో ఓడిపోయాడు ఆర్మ్‌స్ట్రాంగ్‌. ఇంజినీర్లు మాత్రం ఇప్పటికీ ఆయన పేరే చెబుతారు.

ఇంత చిన్న ఆటకు ఇంట్లోనూ ఓ పని ఉంది. తాతయ్య చెవి మెషీన్‌ పెట్టుకోగానే కీచుమని, ‘ఇది పనిచెయ్యదురా’ అని తీసి సొరుగులో పడేస్తాడు. ఆ తర్వాత ఇంట్లో ఏ మాటా ఆయనదాకా చేరదు. అదీ ఫీడ్‌బ్యాకే: లోపలి స్పీకరు శబ్దం చెవి పక్కసందులోంచి బయటికి కారి మైకులో పడుతోంది. చెవిలో పెట్టే భాగం సరిగా కూర్చోకపోయినా, లోపల గుబిలి అడ్డుపడినా ఇలాగే కూస్తుంది. కొత్త డిజిటల్‌ మెషీన్లు కూతకు ఎదురు అలను తయారుచేసి దాన్ని చంపేస్తాయి, తిరగేసిన కాయిల్‌ చేసినట్టే. మెషీన్‌ పాతదైనా సరే, ఓసారి ఆడియాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లి చెవి శుభ్రం చేయించి, అచ్చు మళ్లీ సరిచూపిస్తే చాలాసార్లు అది సొరుగులోంచి తిరిగి చెవిలోకి వస్తుంది.